ఎక్కడి నుంచి పిలవాలి

“మెషిన్‌లో వేసి తిప్పిన దాన్ని ఉతకలేదని ఎలా అనుకోమంటావే?” అంటోంది ముందు గదిలో అత్తగారు మనవరాలితో. ఇదే మాట నాలుగు రకాలుగా అనడం అప్పటికి నాలుగోసారి.

“ఒక్కసారే నానమ్మా. అదీ చన్నీళ్ళతో. ఇస్త్రీ కూడా చెయ్యలేదు. పదేళ్ళు కప్పుకున్న శాలువాలో అమ్మ వాసన ఒక్క ఉతుక్కే పోతుందా?”

“పోయింది. ఇప్పుడు దీనికి సబ్బు వాసన. దీన్ని పట్టుకుని పిలిస్తే ఆ సబ్బు డబ్బా మీద పళ్ళికిలించి నవ్వుతుంటుంది చూడు, ఆవిడ వస్తుంది. మీ అమ్మ రాదు.”

“పోనీ ఇంకోటి తీసుకో అమ్మా. ఇంట్లో బట్టలకు కరువొచ్చిందా? ఏదైతే ఏంటి,” అన్నాడు అత్తగారి కొడుకు.

“నువ్వు ఊరుకోరా. నీ షాపుకొచ్చి ఏ అద్దమైతే ఏంటి, ఏదో ఒకటి పెట్టెయ్ అంటే పెట్టేస్తావా?”

కళ్ళద్దాల షాపులో ముప్ఫై ఏళ్ళుగా అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తున్న మనిషికి ఆ మాటతో నోరు పెగల్లేదు. లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకున్న అతని భార్యకు అతను నోరు పెగలక ఊరుకున్న ఆ కాసేపూ వినిపించింది. మూడు సెకన్లు. ఐదుకు లోపే కాబట్టి రాయనక్కర్లేదు అనుకుంది, అనుకుని తనకే వింతగా అనిపించింది. విచారణల రికార్డింగులు విని టైపు కొట్టిన ఇరవై రెండేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది, ఇంట్లో వాళ్ళు పోట్లాడుకుంటుంటే కూడా మధ్య మధ్యలో ఆగిన చోట్లు లెక్కపెడుతోంది మనసు. అదింకా పనిచేస్తోందన్న మాట. అన్నీ ఆగిపోయాయనుకున్న ఇంట్లో ఏదో ఒక మూల గడియారం మాత్రం టిక్కుమంటున్నట్టు. నాలుగు దాటి ఉంటుంది. పరదా కింది అంచు దగ్గర ఎండ చారలా పడి మంచం కోడు దాకా వచ్చింది, అది కోడు ఎక్కిందంటే ఐదు. ఐదింటికి అందరూ చెప్పులు విడిచి ఏడో మెట్టు దగ్గరికి వెళ్ళాలి, వెలుగు ఉండగానే పిలవాలి, వచ్చే మనిషికి దారి కనిపించాలి కదా అంటుంది అత్తగారు, అదేదో బస్టాండు నుంచి చుట్టాన్ని తీసుకొచ్చే సంగతిలాగా.

ఏడో మెట్టు. రెండు నెలల కిందట కూరగాయల సంచీతో పైకి వస్తూ ఆ మెట్టు మీద కూర్చుండిపోయింది. కళ్ళు తిరగలేదు, కాలు మడత పడలేదు. కాసేపు కూర్చుందామనిపించింది, కూర్చుంది, ఆ తర్వాత లేవడం అనేది ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తోచలేదు. మోకాళ్ళ నుంచా, నడుం నుంచా? సంచీలోంచి ఒక టమాటా దొర్లి ఒక్కో మెట్టూ దిగుతుంటే చూస్తూ కూర్చుంది, పట్టుకుందామని కూడా అనిపించలేదు. స్కూలు పిల్లల్ని దించేసి వ్యాన్ పెట్టి మరిది వచ్చేదాకా నలభై నిమిషాలు. “ఏంటి వదినా ఇక్కడ కూర్చున్నావ్, పైన తాళమేసుందా?” అన్నాడు. లేదని చెబుదామనుకుంది. మాట గొంతు దాకా వచ్చి అక్కడ ఆగింది. అప్పట్నుంచీ అంతే. పంపు తిప్పి దాని మీదే చెయ్యి ఉంచి నిలబడిపోవడం. ఒక కాలికి చెప్పు వేసుకుని రెండోదాన్ని చూస్తూ ఉండిపోవడం. అన్నం కలిపి ముద్ద చేసి, అది ఆరిపోయేదాకా వేళ్ళ మధ్య పట్టుకుని ఉండటం. రాత్రుళ్ళు నిద్ర లేదు, పగలు మెలకువ లేదు. దుఃఖమా అంటే దుఃఖం కాదు, ఏడుపు కూడా వచ్చేది కాదు. ఏడ్చినా బాగుండేది, కనీసం ఏదో జరుగుతోందని మాకు తెలిసేది అని కూతురు ఫోన్లో ఎవరితోనో అంటుంటే వింది. నిజమే పాపం అనుకుంది. తన సంగతి తానే పక్కింటి వాళ్ళ సంగతిలా వింటూ.

డాక్టరమ్మ ఇచ్చిన మాత్రలు పనిచేశాయి. అందులో అబద్ధం లేదు. పది రోజులకు నిద్ర పట్టింది, నెలకు కూరలో ఉప్పు ఎక్కువైందని తెలిసింది. ఆ రోజు ఉప్పెక్కువైందంటే అత్తగారు సంబరపడి ఆ కూర గిన్నె ఇంటిల్లిపాదికీ చూపించి వచ్చింది, తన వంటకు ఎవరైనా వంక పెడితే వారం రోజులు మాట్లాడని మనిషి. “నిద్రొచ్చింది, ఆకలొచ్చింది. ఇంక మనిషి రావాలి,” అంది ఆవిడే. అలా మొదలైంది ఈ పిలుపు గొడవ.

అత్తగారి పుట్టింటి వాళ్ళు కొండకు అవతలి మనుషులు. వాళ్ళ లెక్క ప్రకారం మనిషి మీద పెద్ద భయమో బరువో పడ్డప్పుడు లోపలున్న మనిషి అక్కడే చతికిలపడిపోతుంది. ఒళ్ళు మాత్రం లేచి ఇంటికొచ్చి తింటుంది, పడుకుంటుంది, అడిగితే బాగానే ఉన్నానంటుంది. లోపలి మనిషికి దారి తెలియదు, ఎవరో ఒకరు వెళ్ళి పిలుచుకు రావాలి. ఒంటిని అంటిపెట్టుకుని ఉన్న బట్ట ఒకటి, ఉతకనిది, పట్టుకుని ఆ చోటికే వెళ్ళాలి. ఎవరి వరసతో వాళ్ళు పిలవాలి. పేరు పెట్టి పిలవకూడదు, పేరుదేముంది, ఊళ్ళో పదిమందికి ఉంటుంది, నాకు కోడలు అయ్యేది ఒక్కతే కదా అంటుంది అత్తగారు. పిలిచి, ఆ బట్ట కొస నేలకు రాసుకుంటూ వెనక్కి చూడకుండా ఇంటిదాకా నడవాలి. ఇంట్లో తలుపేసుకుని కూర్చున్న ఒంటిని ఒకరు అడగాలి, వచ్చావా అని. వచ్చాను అని చెప్పాలి. అంతే. మంత్రగాడు లేడు, ఖర్చు లేదు. ఇంట్లో వాళ్ళే చాలు.

మూడు వారాల కిందట పిలిచారు. తలచుకుంటే ఇప్పుడు కూడా పెదవి చివర ఏదో కదులుతుంది. మరిది మొహమాటపడుతూ “వదినా, రా వదినా” అని పిలిస్తే పై వాటాలో అతను వదినా అనే ఇంకో ఆవిడ చేతిలో గరిటెతో దిగొచ్చి “ఏంటయ్యా, ఏమైంది?” అంది. “మిమ్మల్ని కాదు, మా వదిన్ని,” “మీ వదిన లోపలే ఉందిగా, ఇప్పుడే కిటికీలోంచి చూశా,” “అదేలెండి, ఆ వదిన కాదు.” కూతురు నోరు నొక్కుకుని నవ్వింది, అత్తగారు నవ్వినవాళ్ళ వీపు మీద ఒకటి వేసింది. లోపల ఆమె ఎదురుగా కుర్చీలో కూర్చున్న భర్త, ఎదురింటి కిటికీ తెరిచి ఉందేమోనని ఒక కన్ను అటు వేసి, గొంతు తగ్గించి, కళ్ళద్దాల షాపులో ముసలివాళ్ళను ఈ అక్షరం కనిపిస్తోందా అని అడిగినంత మర్యాదగా అడిగాడు, వచ్చావా అని. వచ్చాను, అంది. ఆయన ముఖం చూసి అంది. అలా అడుగుతున్నందుకు చెవులు కూడా ఎర్రబడి, ఎలాగైనా వచ్చాననే మాట వినాలని ఉన్న ఆ ముఖాన్ని చూసి ఇంకేమంటుంది? జీవితమంతా ఎవరేమన్నారో పొల్లు పోకుండా రాసిన మనిషి తన వంతు వచ్చేసరికి అబద్ధపు వాంగ్మూలం ఇచ్చింది.

కానీ ఆ రోజు ఒకటి మాత్రం నిజంగా వినిపించింది. అందరి పిలుపులూ అయ్యాక అత్తగారు తన వాళ్ళ భాషలో ఐదు మాటలు అనాలి. ఆవిడకు నాలుగే వచ్చు. ఏడేళ్ళప్పుడు తీసుకెళ్ళి హాస్టలు బడిలో వేశారు, అక్కడ ఇంటి భాష మాట్లాడితే మోకాళ్ళ మీద నిలబెట్టేవాళ్ళు. పదేళ్ళ తర్వాత బయటికి వచ్చేసరికి వంద మాటల్లో ముప్ఫై పోయాయి, ఆ పోయినవాటిలో ఇదొకటి. అడుగుదామంటే చెప్పేవాళ్ళు పోయారు. వేరే మాట పెట్టెయ్యమని కూతురు అంది, ఆవిడ ఒప్పుకోలేదు. ఆ మాట రావాల్సిన చోటికి రాగానే ఆగుతుంది, పెదాలు కదుపుతుంది, చప్పుడు రాదు, మళ్ళీ మొదలుపెడుతుంది. తలుపుకు ఇవతల కూర్చుని ఉంటే మెట్ల మీది నుంచి రెండు మాటలు, ఆ తర్వాత ఖాళీ, ఆ తర్వాత రెండు మాటలు. ఆరు సెకన్ల ఖాళీ. ఆ ఆరు సెకన్లలో ఒంటి మీద వెంట్రుకలు లేచాయి. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు, గోడ మీద పెచ్చు ఊడిన చోటును చూస్తూ, అది ఎందుకై ఉంటుందా అని ఆలోచిస్తోంది. మాట లేని చోటే ఎందుకు వినిపించింది? పిలుపులో చిల్లు పడితే పిలుపు చెడాలి కదా. లేకపోతే లోపలి మనిషి అలాంటి చోటే ఎక్కడో కూర్చుని ఉండి, తనకు తెలిసిన చప్పుడు అదొక్కటే అయి, తల ఎత్తి చూసిందా?

ఆలోచించడం బాగుంది. రెండు నెలల్లో ఏదైనా బాగుంది అనిపించడం ఇది మూడోసారో నాలుగోసారో. పోయిన మంగళవారం డాక్టరమ్మ గదిలో మొదటిసారి. ఆ గదికి రెండు కిటికీలు, ఒకదాంట్లో ఏసీ యూనిట్ అడ్డం. డాక్టరమ్మ తన కూతురి కన్నా పదేళ్ళు పెద్దదై ఉంటుంది, రాసేటప్పుడు నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుంటుంది. భర్తే చెప్పేశాడు, దాచలేని మనిషి. “మా అమ్మ పాతకాలం మనిషండీ. ఏదో ఆవిడ తృప్తి కోసం ఇంట్లో పిలుపని ఒకటి చేశాం. తప్పేం లేదుగా?” ఆవిడ రాయడం ఆపింది. తిడుతుందేమోనని ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు. ఆవిడ మొత్తం అడిగింది, ఎవరెవరు పిలిచారు, ఏమని పిలిచారు, బట్ట ఎవరు పట్టుకున్నారు. సినిమా కథ వింటున్నట్టు వింది. తర్వాత అడిగింది. “ఎక్కడి నుంచి పిలిచారు?”

“మెట్ల మీది నుంచండీ. ఏడో మెట్టు.”

“ఏడోదే ఎందుకు?”

“అక్కడే కదండీ కూర్చుండిపోయింది.”

డాక్టరమ్మ ఆమె వైపు తిరిగింది. “మీరు అక్కడే ఉన్నారా?”

అడగాల్సిన ప్రశ్న అడిగినప్పుడు సాక్షి కుర్చీ కిర్రుమనే చప్పుడు ఒకటి ఉంటుంది, రికార్డింగుల్లో వందసార్లు విన్నది, అదే చప్పుడు తన లోపల అయింది. డాక్టరమ్మ పట్టుబట్టలేదు. “తొందరేం లేదు. మాత్రలు మాత్రం మానకండి,” అని నాలుక కొస మళ్ళీ పళ్ళ మధ్య పెట్టుకుని రాసుకుంది. ఆటోలో ఆయన దారంతా గొణుగుతూనే ఉన్నాడు, అంత చదువుకుని ఆవిడ కూడా నమ్ముతోందేంటి అని. ఆవిడ నమ్మింది లేంది ఆమెకు తెలియదు. అడగడం మాత్రం అడిగింది. ఇంటికొచ్చి సంగతి చెబితే అత్తగారు చేతిలో పనాపేసి కూర్చుంది. “ఆ పిల్లకు తెలుసురా. నాకే బుద్ధి లేకపోయింది. ఎక్కడ అని అడక్కుండా పిలిచాను. చిన్నప్పుడు మా మేనత్త మూడు రోజులు అడిగేది ముందు.” అప్పట్నుంచీ పొద్దున టీ గ్లాసు చేతికిస్తూ ఒకే మాట. “ఎక్కడో చెప్పు అమ్మాయ్.” తెలియదు అత్తయ్యా. “సరేలే, రేపు చెప్పు.” రోజూ తెలియదనే చెప్పింది. ఇంక ఆగలేక, చోటు తెలియకపోతే పోయింది, బట్టయినా సరైనది పట్టుకుని ఇంకోసారి ఆ మెట్టు దగ్గరే పిలుద్దామని ఈ శనివారం పెట్టింది ఆవిడ. ఆదివారంతో సెలవు అయిపోతుంది కదా మరి. ఫ్రిజ్ మీద పళ్ళ గిన్నె కింద స్వచ్ఛందంగా ఉద్యోగం మానుకుంటున్నానని రాసి ఉన్న కాగితం ఉంది, సంతకం ఒక్కటే తక్కువ. ఆఫీసులో పెద్దసారే పంపించాడు, మంచి ఉద్దేశంతోనే. భర్త కూడా మంచి ఉద్దేశంతోనే రెండుసార్లు కలం తెచ్చి పక్కన పెట్టాడు. చాల్లే, ఇరవై రెండేళ్ళు చేశావ్, ఇంట్లో ఉండు అని. ఇంట్లో ఉండు అన్నప్పుడు ఆమెకు నవ్వొచ్చింది. ఇంట్లో లేదనే కదా అందరూ కలిసి పిలుస్తున్నారు.

మరి ఎక్కడ? బయట గొడవ ఇప్పుడు దిండు గలీబు మీదికి మళ్ళింది. గలీబు ఉతికి నాలుగు రోజులైంది కదా, అది పనికొస్తుందా అని మరిది అడుగుతున్నాడు. “నాలుగు రోజుల వాసన ఏం వాసనరా, నీ సాక్సులకు ఉంటుంది అంతకన్నా,” అంటోంది అత్తగారు. “నా సాక్సులు పట్టుకుని పిలిస్తే వదిన ఇంకా దూరం పారిపోతుంది.” కూతురు నవ్వుతోంది. ఆమె దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. ఎక్కడ అని ఆలోచిస్తే ముందు అందరూ అనుకునే చోట్లే వస్తాయి. తల్లి పోయిన ఆసుపత్రి వరండా, అక్కడ ఏడ్చింది, ఏడ్చి ఇంటికొచ్చింది, బాగా గుర్తు, వస్తూ దారిలో ఆకలేసి రెండు అరటిపళ్ళు తింది. కూతురు పుట్టిన గది. పెళ్ళైన కొత్తలో ఆయన కోపంతో గిన్నె విసిరిన ఆ వంటగది, ఆ ఇల్లే కూల్చేశారు. ఒక్కో చోటికీ వెళ్ళి తలుపు తోసి చూస్తోంది, లోపల ఎవరైనా ఉన్నారా అని. ఎవరూ లేరు. అన్నీ ఖాళీ చేసి సున్నం వేసిన గదుల్లా ఉన్నాయి. చిత్రంగా ఉంది ఇలా వెతుక్కోవడం, కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని ఇల్లంతా వెతికినట్టు.

కాలు కదులుతోంది. దుప్పటి కింద కుడికాలు. ఆయన ఎప్పట్నుంచో అంటున్నాడు, నిద్రలో కాలు ఆడిస్తున్నావ్, నా పిక్కకు తగులుతోంది అని. మాత్రల వల్లేమో అనుకున్నారు, డాక్టరమ్మకు కూడా చెప్పారు. ఇప్పుడు నిద్రలో లేదు కదా. ఊరికే చూసింది, కదలనిచ్చి చూసింది. వేళ్ళు కాదు. మడమ. మడమ పరుపులోకి నొక్కుకుంటోంది, వదులుతోంది, ఒక లెక్క ప్రకారం, మళ్ళీ నొక్కుకుంటోంది. వేళ్ళు నొక్కితే ముందుకు పోతుంది. మడమ నొక్కితే వెనక్కి. బల్ల కింద ఇరవై రెండేళ్ళు ఆ కాలు చేసిన పని అదే, టైపు కొట్టడానికి చేతులు ఖాళీగా ఉండాలి కాబట్టి రికార్డింగును కాలి కింది పెడల్‌తో నడపాలి, మాట అర్థం కాకపోతే మడమ, మళ్ళీ వినాలి. రెండు నెలలుగా ఈ మంచం మీద ఆమె కాలు దేన్నో వెనక్కి తిప్పుతోంది.

ఊపిరి మెల్లగా తీసుకుంది, అదరగొడితే ఎగిరిపోయే పిట్ట దగ్గర తీసుకున్నట్టు.

మూడో అంతస్తు. ఆఫీసులో కిటికీ పక్క నుంచి రెండో బల్ల. ఎడమ చెవి దగ్గర హెడ్‌ఫోన్ దూది చిరిగి ఉంటుంది. విచారణ కమిటీలు ఎవరెవరిని పిలిచి ఏమేం అడిగాయో, వాళ్ళేం చెప్పారో ఆ రికార్డింగులన్నీ ఆ గదికే వస్తాయి, ఆరుగురు టైపిస్టులు వింటూ కొడతారు. చేరిన మొదటిరోజు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, ఇక్కడ విన్నది ఈ గుమ్మం దాటకూడదని. దాటనివ్వలేదు. ఎవరైనా మీ ఆవిడ ఏం చేస్తుందని అడిగితే ఆయన ఒకటే చెప్పేవాడు. “వింటుందండీ. ఏం విన్నదో చెప్పదు, దేవుడి టైపు.” మంటలు, వంతెనలు, మందు వికటించిన పిల్లలు, అన్నీ విని, సాయంత్రం హెడ్‌ఫోన్ కొక్కేనికి తగిలించి, బూడిదరంగు శాలువా మడిచి కుర్చీకి వేసి, దారిలో కూరగాయలు కొనుక్కుని వచ్చేది. విన్నవన్నీ అక్కడే ఉండిపోయేవి. అలా అనుకునేది.

రెండు నెలల కిందట విన్న రికార్డింగులో సాక్షి ఒక పెద్దాయన, ఏదో అపార్ట్‌మెంటు తొమ్మిదో అంతస్తులో ఉండేవాడు. మూడు రోజులు కరెంటు లేదు, లిఫ్టు లేదు, భార్యకు ఊపిరి అందించే మెషిన్ కరెంటు మీద నడుస్తుంది. ఫోన్లు చేశాడు, కిందికి దిగి ఎక్కి దిగి చెప్పాడు. అవన్నీ టైములతో సహా చెప్పాడు, లెక్కల మాస్టారు పద్ధతిగా చెప్పినట్టు. మూడోరోజు పొద్దున ఆరుంపావుకు ఆవిడ పోయింది అన్నాడు. ఆ గొంతులో వణుకు లేదు. కమిటీ పెద్ద అడిగాడు, ఆ తర్వాత మీరేం చేశారు అని. పెద్దాయన మాట్లాడలేదు.

ఐదు సెకన్లు దాటితే రాయాలి, ఎంతసేపో లెక్కపెట్టి కుండలీకరణాల్లో పెట్టాలి, అది పద్ధతి. ఆమె గడియారం వైపు చూస్తూ వింది. నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు. ఆ నాలుగు నిమిషాల్లో ఎవరో కాగితం తిప్పారు. ఎవరో గొంతు సవరించుకున్నారు. కలం టోపీ తీసి పెట్టారు, తీసి పెట్టారు. ఒకరు చిన్నగా, టైమవుతోంది అన్నారు. ఆయన దగ్గర కూర్చున్నవాళ్ళు ఒక్కరూ లేరు ఆ గదిలో, అంతమంది ఉండి. ఆమె రాసింది. నాలుగు నిమిషాల పదకొండు సెకన్ల మౌనం. రాస్తే సగం గీత కూడా నిండలేదు. మడమ నొక్కింది. అంతసేపటిని ఇంత చిన్న గీతలో పెట్టి ఎలా పోతామనిపించింది, ఇంకోసారి ఆయనతో పాటు ఉందాం, ఊరికే, గడియారం చూడకుండా. విని మళ్ళీ మడమ నొక్కింది. మళ్ళీ. ఐదైంది, లైట్లు ఆర్పుతున్నారు, లేచింది, ఇంటికొచ్చింది. మర్నాడు వెళ్ళేసరికి ఆ రికార్డింగు పక్క సీటు ఆవిడకు ఇచ్చేశారు, ఆలస్యమవుతోందని, బోర్డు మీద ఆ పని ఎదురుగా తన సీటు అంకె కొట్టేసి ఉంది. సరే అంది. వేరేది తీసుకుంది. మూడో రోజు ఏడో మెట్టు.

ఆ తర్వాత పెద్దాయన ఏమన్నాడో ఆమె వినలేదు.

ఈ సంగతి ఇప్పుడే తెలిసినట్టు లేచి కూర్చుంది. ఏదో ఒకటి అని ఉంటాడు కదా. పదకొండో సెకను తర్వాత పన్నెండోది ఉంటుంది, ఆ గొంతు మళ్ళీ మొదలై ఉంటుంది, ఆయన అక్కడి నుంచి లేచి బయటికి నడిచి, మెట్లో లిఫ్టో దిగి, ఇంటికో ఇంకెక్కడికో పోయి ఉంటాడు. ఆయన ఎప్పుడో వెళ్ళిపోయాడు. ఆయన దగ్గర కూర్చుందామని ఆగిన మనిషి మాత్రం ఆ గదిలోనే ఉంది, తన కళ్ళతో ఎన్నడూ చూడని గదిలో, కాగితాల చప్పుళ్ళ మధ్య, ఇంక మొదలవుతుంది ఇంక మొదలవుతుంది అని చూస్తూ. పంపు మీద చెయ్యి ఉంచి నిలబడ్డప్పుడల్లా ఆమె చేస్తున్నది ఆ చూడటమే. అందుకే అత్తగారి పోయిన మాట దగ్గర వెంట్రుకలు లేచాయి. ఆరు సెకన్లు. పోయిన మాటను ఇంకో మాటతో పూడ్చకుండా, దాని చోటు దానికి వదిలి, అక్కడ కాసేపు నిలబడి, మళ్ళీ మొదలుపెట్టి ముందుకు పోయే మనిషి ఒకరు ఈ ఇంట్లోనే ఉన్నారు, ముప్ఫై ఏళ్ళుగా సబ్బు దగ్గరా ఉప్పు దగ్గరా పోట్లాడుతూ.

ఎవరికీ చెప్పలేకపోయింది, డాక్టరమ్మకు కూడా, ఆ సంతకం అలాంటిది. అయితే అత్తగారు ఏమైంది అని ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడు ఆలోచిస్తే అదే ఆశ్చర్యంగా ఉంది. రోజూ టీ ఇచ్చి అడిగింది ఎక్కడ అని. కొండకు అవతలి వాళ్ళకు కథ అక్కర్లేదు కాబోలు, చోటు చాలు. పిలుచుకు రావడానికి వెళ్ళేవాళ్ళకు దారి తెలిస్తే సరిపోతుంది. ఇదంతా నిజంగా పనిచేస్తుందా అంటే ఆమెకు తెలియదు. వెళ్ళి చూస్తే గానీ తెలియదు. పక్క సీటు ఆవిడ కొట్టిన ప్రతిని రికార్డింగుతో సరిచూసే పని ఎవరో ఒకరు చెయ్యాలి, ఎవరూ ఇష్టపడరు దాన్ని, అడిగితే పెద్దసారు సంతోషంగా ఇస్తాడు. అప్పుడు మడమ పైకెత్తి వేళ్ళు ఆనించి, నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు ఒక్కసారి పూర్తిగా కూర్చుని, పన్నెండో సెకనులోకి వెళ్ళాలి.

ఎండ చార మంచం కోడు ఎక్కింది. లేచింది. చెప్పులు రెండూ వేసుకుంది, రెండోది వేసుకున్నాక గమనించింది. ముందు గదిలో గలీబు, శాలువా, మరిది తెచ్చిన పాత టోపీ ఒకటి బల్ల మీద పరిచి ఉన్నాయి, కూరగాయలు ఏరుతున్నట్టు అత్తగారు ఒక్కోటి ఎత్తి వాసన చూస్తోంది. ఆమెను చూసి అందరూ ఆగారు.

“టైమైందా? ఇంకా ఐదు నిమిషాలుంది పడుకో,” అన్నాడు ఆయన.

ఆమె ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి, పళ్ళ గిన్నె ఎత్తి, కింద కాగితం తీసి నాలుగు మడతలు పెట్టింది. చింపలేదు. సొరుగులో పెట్టి మూసింది.

“మెట్టు దగ్గర వద్దు అత్తయ్యా. నేను అక్కడ లేను.”

ఎవరూ మాట్లాడలేదు. ఆమె లెక్కపెట్టలేదు.

“మా ఆఫీసులో ఉన్నాను. నా సీటు దగ్గర. ఏమైందో అడక్కండి, చెప్పకూడదు.”

“అడగం,” అంది అత్తగారు వెంటనే. “ఎక్కడో చెప్పావ్, చాలు.” అని అసలు సంగతికి వచ్చింది. “మరి బట్ట?”

“బూడిదరంగు శాలువా ఇంకోటుంది. అక్కడే కుర్చీకి వేసి ఉంది, రెండు నెలలుగా. ఎవరూ ఉతకలేదు.” గొంతు మామూలుగానే ఉంది, పొద్దున ఏం వండాలో చెప్పినట్టు. “సోమవారం నేను పనిలోకి వెళ్తున్నాను. వినాల్సింది ఒకటి మిగిలిపోయింది, అది వింటాను. సాయంత్రం ఐదింటికి మీరంతా మూడో అంతస్తుకు రండి. తలుపు బయట నిలబడి పిలవండి, నేను వస్తాను.”